ఇంతకీ ఏమంటోందావిడ?

మా అమ్మాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. చదువుతోందని నేననుకుంటున్నాను. ఎప్పుడు చూసినా దాని చెవుల్లో తెల్లటి బొడిపెలు రెండు వుంటాయి. అన్నానికి పిలిస్తే ఒక బొడిపె తీస్తుంది. తిడితే రెండూ పెట్టుకుంటుంది.

ఒక ఆదివారం పొద్దున్న నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చున్నాను. అది ఏమనుకుందో ఏమో, బొడిపెలు తీసేసి ఫోన్లో పాట పైకి వినిపించింది. ఒక ఆడగొంతు. సన్నగా మొదలై, వున్నట్టుండి మేడమెట్లు పరుగున ఎక్కినట్టు పైకి వెళ్ళి, అక్కణ్ణుంచి గిరికీలు కొడుతూ కిందికి దిగింది. నా చేతిలో చిక్కుడుకాయ చేతిలోనే వుండిపోయింది.

“ఏ భాషే అది?” అన్నాను.

“ఇంగ్లీషే అమ్మా.”

“ఇంగ్లీషు నాకూ వచ్చు. బి.ఏ.లో షేక్‌స్పియర్ చదివాను. ఒక్క ముక్క తెలియలేదు. ఇంతకీ ఏమంటోందావిడ?”

“ఎవరికీ తెలీదు. తెలియక్కర్లేదు కూడా” అంది మా అమ్మాయి, జాలిగా నాకేసి చూసి.

ఆ “తెలియక్కర్లేదు” అన్న మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. పాతికేళ్ళుగా మాటల్ని నమ్ముకుని రాస్తున్నదాన్ని నేను. ఒక ఆడమనిషి గొంతెత్తి యింతసేపు పాడితే, ఆవిడేమంటోందో తెలియక్కర్లేదా? ఆ పట్టుదలతోనే యీ నాలుగు నెలలూ ఆ బృందం రికార్డులన్నీ వరసగా, పుట్టిన క్రమంలో విన్నాను. వంట చేస్తూ విన్నాను, బట్టలు మడతపెడుతూ విన్నాను, నిద్రపట్టని రాత్రుళ్ళు విన్నాను. విన్నాక నాకు తోచింది మీతో చెప్పకుండా వుండలేక యిది రాస్తున్నాను.

బృందం పేరు కాక్టో ట్విన్స్. వాళ్ళది స్కాట్లండ్. ఎడింబరోకీ గ్లాస్గోకీ నడుమ, ఫోర్త్ నది సముద్రంలో కలిసేచోట గ్రేంజ్‌మౌత్ అని ఒక వూరుంది. అందాల స్కాట్లండ్ అనగానే మనకు గుర్తొచ్చే కొండలూ సరస్సులూ అక్కడ వెతక్కండి. అది చమురు శుద్ధి కర్మాగారం చుట్టూ పెరిగిన వూరు. 1924లో మొదలైన ఆ కర్మాగారం నూరేళ్ళు నడిచి, 2025లో ముడిచమురు శుద్ధి ఆపేసింది. వీళ్ళ చిన్నతనంలో మాత్రం రాత్రింబవళ్ళూ పొగగొట్టాల మీద మంటలు వెలుగుతుండేవి.

ఆ వూళ్ళో 1979 ప్రాంతాల రాబిన్ గత్రీ, విల్ హెగ్గీ అనే యిద్దరు కుర్రాళ్ళు కలిసి బృందం పెట్టారు. గత్రీది గిటారు, హెగ్గీది బేస్ గిటారు. పాడేవాళ్ళు లేరు. డ్యాన్సులు జరిగే ఒక హోటల్లో గత్రీ రికార్డులు వేసేవాడు. అక్కడికి ఎలిజబెత్ ఫ్రేజర్ అనే అమ్మాయి వచ్చి నాట్యం చేసేది. 1963లో పుట్టిన పిల్ల. అంత బాగా ఆడేది పాడకుండా వుంటుందా అనుకున్నాడట గత్రీ. అడిగాడు. ఆవిడ పాడింది. ఆమె సంగీతం నేర్చుకున్నది కాదు. చూశారా, ఒక్కోసారి మగవాళ్ళ తర్కం తప్పయినా ఫలితం ఒప్పవుతుంది!

బృందం పేరు కూడా సొంతం కాదు. గ్లాస్గోలో మరో బృందం (తర్వాత సింపుల్ మైండ్స్ అన్న పేరుతో ప్రసిద్ధికెక్కినవాళ్ళు) పాడిన ఒక పాట పేరది. ఫ్రెంచి కవి కాక్టో పేరు అందులోకి ఎలా వచ్చినా, చమురు వాసనేసే వూళ్ళో ముగ్గురు పిల్లలు కవల పిల్లలమని పేరు పెట్టుకోవడం నాకు ముచ్చటేసింది.

పాటలు టేపు చేసి లండన్‌లో ఫోర్ ఏడీ అనే చిన్న రికార్డు కంపెనీకి పంపారు. దాన్ని నడిపే ఐవో వాట్స్-రసెల్ విని పిలిపించాడు. 1982లో మొదటి రికార్డు “గార్లండ్స్” వచ్చింది. నిజం చెప్పాలంటే అందులో నాకు చలి తప్ప మరేమీ వినిపించలేదు. గొంతులో బెరుకు వుంది. మరుసటి ఏడు హెగ్గీ వెళ్ళిపోయాడు. మిగిలిన యిద్దరే కలిసి “హెడ్ ఓవర్ హీల్స్” చేశారు. అప్పటికి గత్రీ, ఫ్రేజర్ ఒకరికొకరై వున్నారు. ఆ రికార్డులో చలి విడిపోయి, గొంతు కాళ్ళూ చేతులూ జాపుకుని లేచింది. ఆ తర్వాత సైమన్ రేమాండ్ వచ్చి కలిశాడు. ఆ ముగ్గురే చివరిదాకా.

ఇక ఆ సంగీతం ఎలా వుంటుందో చెప్పాలి. డోలు వాయించే మనిషి లేడు, తాళానికి యంత్రం. గత్రీ గిటారుమీద మహావేగంగా వేళ్ళాడించే విద్వాంసుడేమీ కాదు. అతని పనితనమంతా ఒక్క మీటుని రకరకాల విద్యుత్ పెట్టెల్లోంచి పంపి, ప్రతిధ్వని మీద ప్రతిధ్వని పేర్చడంలో వుంది. ఇంట్లో సాంబ్రాణి వేస్తే పొగ ఏ మూల మొదలైందో తెలియకుండా గదంతా నిండిపోతుందే, అలాగ. ఆ పొగ మధ్యన ఫ్రేజర్ గొంతు. ఒకటి కాదు, తన గొంతు మీదే తను మరో గొంతు, దానిమీద యింకోటి, వేరువేరు వరసల్లో పాడి కలుపుతుంది. అక్కచెల్లెళ్ళు నలుగురు ఒకేసారి మాట్లాడుకుంటున్నట్టు వుంటుంది.

మరి మాటలో? అక్కడే వుంది చిక్కు. తనకు రాని భాషల పుస్తకాల్లోంచీ నిఘంటువుల్లోంచీ, అర్థం చూడకుండా, శబ్దం నచ్చిన మాటల్ని ఏరి రాసుకునేదాన్నని ఆవిడే తర్వాత చెప్పింది. పాడితేనే వాటికి ప్రాణం వచ్చేదట. కొన్నిచోట్ల మాటని అచ్చులు అచ్చులుగా విడగొట్టేస్తుంది. కొన్నిచోట్ల నిజంగా ఇంగ్లీషే పాడుతుంది గాని, ఎక్కడ విరవకూడదో అక్కడ విరుస్తుంది.

ఇదేదో వింత అనుకోనక్కర్లేదు. స్కాట్లండ్ గేలిక్ పల్లెల్లో నాట్యానికి వాద్యం లేనప్పుడు నోటితోనే వాద్యం పలికించే పాత అలవాటు వుంది, అక్కడ అర్థంకన్నా దరువు ముఖ్యం. మన కచేరీల్లో రాగం ఆలాపన చేస్తుంటే “ఏమంటున్నాడు?” అని ఎవరం అడుగుతాం? పసిపిల్లని భుజాన వేసుకుని తీసే కూనిరాగానికి నిఘంటువు ఎక్కడుంది? అంచేత మాట లేనంత మాత్రాన తక్కువదని నేననను.

కాని ఆలాపన ఆలాపనలాగే వస్తుంది, మాటలా వేషం వేసుకుని రాదు. ఫ్రేజర్ పాట మాటలాగే వస్తుంది. ఎవరికో ఏదో చెబుతున్నట్టే వుంటుంది. చెవి రిక్కించి దగ్గరికి వెళితే తలుపు వేసేస్తుంది. నన్ను నాలుగు నెలలు నిద్రపోనివ్వనిది అదీ.

1984లో వచ్చిన “ట్రెజర్” చూడండి. పది పాటలు. పదింటికీ పేర్లే శీర్షికలు, అందులో చాలా వరకు ఆడపేర్లు. లోరెలై, బియాట్రిక్స్, పెర్సెఫొనీ, పండోరా, అమీలియా... పెర్సెఫొనీ గ్రీకు కథల్లో పాతాళానికి ఎత్తుకుపోబడిన పిల్ల. పండోరా తెరవకూడని పెట్టె తెరిచి లోకం చేత నిందపడిన మనిషి. లోరెలై రైన్ నది రాతిమీద కూర్చుని పడవవాళ్ళని పాటతో ముంచిందని అపవాదు పడ్డది. అందరూ పేరుమోసిన ఆడవాళ్ళే. అందరి గురించీ లోకం కథలు చెప్పింది. ఈ రికార్డులో వాళ్ళ పేర్లు మనకి స్పష్టంగా తెలుస్తాయి, వాళ్ళేమంటున్నారో తెలియదు. శుభలేఖల్లో అమ్మాయి పేరు బంగారపు అక్షరాల్లో వేసి, ఆ అమ్మాయిని ఒక్కమాట అడగనట్టుంది. ఇది ఫ్రేజర్ కావాలని చేసిందని నేను పందెం కాయను. కాని వింటున్నప్పుడు నాకు కలిగిన భావం యిదే. గత్రీకి మాత్రం ఆ రికార్డంటే గిట్టదు. ఆ మాట బాహాటంగానే చెప్పుకున్నాడు. అభిమానులు వింటారా? చాలామందికి వీళ్ళు పరిచయమైందే ఆ రికార్డుతో.

1986లో “విక్టోరియాలాండ్”. అంటార్కిటికాలో ఒక ప్రాంతం పేరది. తాళం యంత్రాన్ని దాదాపు పక్కన పెట్టేశారు. గిటారూ గొంతూ, చుట్టూ మంచు. మా అమ్మాయికి ప్రాణం యీ రికార్డంటే. రాత్రి దీపాలార్పి వింటే నాకూ నచ్చింది. పగలు వింటే మాత్రం మనసు పట్టుకోవడానికి కొక్కెం దొరకలేదు. మన దేశంలో ఎంతమంది విన్నారో గాని, బ్రిటన్‌లో అది అమ్మకాల పట్టికలో పదో స్థానం దాకా వెళ్ళింది. ఒక్క ముక్క తెలియని పాటలు!

తెలిసే మాటలు పాడితే ఆవిడ ఎలా వుండేది? దానికీ సాక్ష్యముంది. 1983లో ఐవో తన కంపెనీ గాయకుల్ని కలిపి చేసిన రికార్డుల వరసకోసం ఫ్రేజర్, గత్రీ కలిసి “సాంగ్ టు ద సైరెన్” పాడారు. అమెరికా గాయకుడు టిమ్ బక్లీ పాత పాట అది. గ్రీకు పురాణంలో పాటతో ఓడల్ని రాళ్ళవైపు లాగే సముద్రకన్యని వుద్దేశించి ఒక నావికుడు పాడే పాట. మాటలు వేరే మగవాళ్ళవి. అవి స్పష్టంగా పలికింది. నావికుడు పాడవలసిన పాటని సముద్రకన్యే అందుకుని పాడుతున్నట్టు వుంది. స్వతంత్ర కంపెనీల పాటల పట్టికలో రెండేళ్ళకు దగ్గరగా నిలిచింది. సినిమా దర్శకుడు డేవిడ్ లించ్ 1986 నాటి “బ్లూ వెల్వెట్”లో పెట్టుకుందామని తాపత్రయపడి, హక్కులు దొరక్క, పదకొండేళ్ళ తర్వాత “లాస్ట్ హైవే”లో పెట్టుకున్నాడు. చెప్పొచ్చేదేమిటంటే, ఆవిడకి మాట పలకడం చేతకాక కాదు. ఇతరుల దుఃఖాన్ని స్పష్టంగా పాడగలిగిన మనిషి, తన పాట వచ్చేసరికి తెర దించుకుంది.

పత్రికలవాళ్ళు ఆ తెరని చూసి మురిసిపోయారు. దేవుడి గొంతన్నారు. దేవదూతలన్నారు. ఇంటర్వ్యూల్లో మాటలకోసం యిబ్బంది పడిపోయే పాతికేళ్ళ లోపు పిల్లని ఆకాశంలో కూర్చోబెట్టారు. దేవతని చేస్తే ఒక సౌకర్యం వుంది. దేవతకి ఒంట్లో ఎలా వుందని ఎవరూ అడగరు.

ఇక్కడ నా సొంత గొడవ కొంచెం చెప్పుకోవాలి. క్షమించండి.

నా మొదటి నవల రాసినప్పుడు నాకు పెళ్ళయి రెండేళ్ళు. ఉమ్మడి కాపురం. మా అత్తగారు నేను రాసిన అక్షరం వదలకుండా చదివేవారు. అందులో కథానాయిక ఏడవవలసి వచ్చినప్పుడల్లా నేను వాన కురిపించేదాన్ని. కోపం వస్తే పారిజాతాలు రాల్చేదాన్ని. ఎందుకంటే ఆ కోపం ఎవరిమీదో, ఎందుకో మాటల్లో పెడితే, ఆ మధ్యాహ్నమే నా వంటింట్లో విచారణ జరుగుతుంది. నవల బాగా నచ్చింది. “మీ శైలి వెన్నెల్లా వుంది” అని ఉత్తరాలొచ్చాయి. నాలుగు నవలల దాకా వానలూ వెన్నెలలూ కురిశాయి. అయిదో నవలలో నా కథానాయిక వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగి, “నా జీతం ఏటీఎం కార్డు మీ జేబులో ఎందుకుంది?” అని మొగుణ్ణి అడిగింది. అంతే. వాన లేదు, పువ్వు లేదు. “మునుపటి సౌకుమార్యం పోయింది” అని రాశారు పాఠకులు. పాఠకురాళ్ళు కూడా రాశారు, అదీ నా బాధ. మా అత్తగారు మాత్రం పుస్తకం పూర్తిచేసి, కళ్ళజోడు తీసి, “ఇప్పుడు రాశావు” అన్నారు. మెచ్చుకున్నారో దెప్పారో యిప్పటికీ నాకు తెలియదు.

అందుకే ఫ్రేజర్ కథలో తర్వాతి భాగం నాకు పరాయి కథలా అనిపించలేదు.

1990లో “హెవెన్ ఆర్ లాస్ వేగస్” వచ్చింది. స్వర్గమా, జూదపు వూరా అని. అప్పటికి లండన్ శివార్లలో ట్వికెన్‌హామ్‌లో వాళ్ళకి సొంత స్టూడియో వుంది. 1989లో ఫ్రేజర్‌కీ గత్రీకీ పాప పుట్టింది. మరోపక్క గత్రీ మాదకద్రవ్యాల అలవాటులో లోతుకు దిగిపోయాడు. ఆ సంగతి తర్వాత తనే చెప్పుకున్నాడు. ఆ రోజుల్లోనే రేమాండ్ తండ్రి కన్నుమూశాడు. ఆయనా ఒకప్పుడు పేరున్న సంగీతకారుడే. ఒక యింట్లో పురుడూ, ఒక యింట్లో చావూ, మధ్యన ఒక మనిషి పతనం. ఇవన్నీ ఒకే పైకప్పు కింద నడుస్తుండగా పది పాటలు తయారయ్యాయి. మొత్తం నలభై నిమిషాలు కూడా లేదు.

నా తీర్పు అడిగితే వాళ్ళ రికార్డులన్నిట్లోకీ యిదే శిఖరం. ఎందుకంటే, మొట్టమొదటిసారి పొగలోంచి మాటలు పైకి తేలడం మొదలుపెట్టాయి. అన్నీ కాదు. ఒక మాట, మళ్ళీ కాసేపు రాగం, మళ్ళీ ఒక మాట. నిద్రలో పలవరించే మనిషి పక్కన కూర్చుంటే ఒక్కో మాట అర్థమై గుండె ఝల్లుమంటుందే, అలా వుంటుంది. పుట్టిన పాప గురించి పాడుతోందని తెలిసిపోతుంది. ఆ పాటలో సంతోషం దాచినా దాగలేదు. మనలో బాలింతరాలిగా వున్నవాళ్ళెవరైనా ఆ గొంతులోని అలసటా, ఆశ్చర్యమూ గుర్తుపడతారు. దానికి ఇంగ్లీషు రానక్కర్లేదు. బ్రిటన్ పట్టికలో ఏడో స్థానం దాకా వెళ్ళింది. అయినా ఆ ఏడాది చివరికే ఐవోకీ వీళ్ళకీ చెడి, కంపెనీ వాళ్ళని వదిలించుకుంది. అంతమంచి రికార్డు చేతిలో పెట్టినవాళ్ళని! ఆడపిల్ల పెళ్ళి ఘనంగా చేసి, మర్నాడే వియ్యపువాళ్ళు విడిపోయినట్టు.

1993లో ఫ్రేజర్, గత్రీ విడిపోయారు. మనుషులుగా విడిపోయారు గాని, బృందంగా విడిపోలేదు. గత్రీ చికిత్స చేయించుకుని అలవాటునుంచి బయటపడ్డాడు. అదే ఏడు కొత్త కంపెనీ ద్వారా “ఫోర్ క్యాలెండర్ కఫే” వచ్చింది. ఆ పేరు విలియమ్ లీస్ట్ హీట్-మూన్ అనే అమెరికన్ రచయిత ప్రయాణ గ్రంథంలోది. చిన్న చిన్న రోడ్ల మీద తిరుగుతూ ఆయన ఒక కొలబద్ద పెట్టుకున్నాడు. హోటల్ గోడమీద ఎన్ని క్యాలెండర్లుంటే భోజనం అంత బాగుంటుంది. ఈ లెక్క మనకి కొత్తా? వెంకటేశ్వరస్వామి, లక్ష్మీదేవి, బంగారు కొట్టువాడి క్యాలెండరూ వున్న మెస్సులో పప్పు ఎప్పుడైనా చెడిందా?

ఈ రికార్డులో ఫ్రేజర్ తెర తీసింది. మాటలు వినిపిస్తాయి. ఒక పాట పేరు “బ్లూబియర్డ్”. నీలిగడ్డం వాడి కథ మీలో చాలామంది చదివే వుంటారు. ధనవంతుడైన మొగుడు కొత్త పెళ్ళానికి యింటి తాళాలన్నీ యిచ్చి, ఒక్క గది మాత్రం తెరవొద్దంటాడు. తెరిస్తే లోపల అంతకుముందు పెళ్ళాల శవాలు. ఫ్రేజర్ పాట ఆ గుమ్మంలో నిలబడి, పక్కనున్న మనిషి తనకు అండా, ఆపదా అని తేల్చుకోవడానికి ప్రయత్నిస్తుంది. ఇక్కడ ఒక్క సంగతి ఆలోచించండి. ఆ పాటకి గిటారు వాయిస్తున్నది ఎవరు? నిన్నటిదాకా తనతో కాపురం చేసిన మనిషి. ఆ మనిషి మీటుతున్న తీగల మీదే నిలబడి ఆ ప్రశ్న పాడాలి. వరస చూస్తే హాయిగా, ఎండలో ఉయ్యాల వూగుతున్నట్టుంటుంది. ఆ హాయి వెనక ఎంత గుండెధైర్యం కావాలో లెక్కపెట్టుకోండి.

రికార్డు పదమూడో స్థానం దాకా వెళ్ళింది. కాని పాత అభిమానులు చాలామంది పెదవి విరిచారు. మార్మికత పోయిందన్నారు. మామూలు పాటలైపోయాయన్నారు. మునుపటి సౌకుమార్యం పోయిందన్నమాట!

విమర్శకురాలిగా న్యాయం చెప్పాలంటే, వాళ్ళన్నదాంట్లో కొంత నిజముంది. సంగీతంగా చూస్తే యిది శిఖరం నుంచి ఒక మెట్టు కిందే. గత్రీ కట్టిన ధ్వని మేడ మునుపంత ఎత్తుగా లేదు. కొన్ని పాటలు ఒకే నడకలో సాగి, దేన్నుంచి దేన్ని విడదీయాలో తెలియదు. అయినా నాకు మళ్ళీ మళ్ళీ వినాలనిపించేది యిదే. పదేళ్ళు ప్రపంచం చేత పొగిడించుకున్న విద్యని పక్కన పెట్టి, మామూలు మాటల్లో మామూలు ప్రశ్న అడగడం ఎంత కష్టమో, వాన కురిపించడం మానేసినదాన్ని గనక నాకు తెలుసు. ఆవిడ మాటలు తెలిసేనాటికి వినేవాళ్ళు తగ్గారు. అర్థంకానప్పుడు దేవతన్నవాళ్ళు, అర్థమయ్యాక మామూలు మనిషన్నారు. అర్థం కాని గొంతుని మెచ్చుకుంటే మనకేమీ బాధ్యత లేదు. అర్థమైతే ఏదో ఒకటి జవాబు చెప్పాలి.

ఈ మాట మా అమ్మాయితో అంటే వూరుకుందా? “ముందు పాటల్లో ఆవిడ దాక్కుందని నీకెవరు చెప్పారమ్మా? ఆవిడకి ఆ మాటలే కావాలేమో. నువ్వు భయపడి వాన రాశావని ఆవిడా భయపడే పాడిందనుకుంటే ఎలా?” అంది. ఆ దెబ్బకి నేను రెండు రోజులు మళ్ళీ “ట్రెజర్” విన్నాను. పిల్ల అన్నదాంట్లో సగం ఒప్పుకుంటున్నాను. భయంతో దాక్కున్న మనిషి అంత సంతోషంగా పాడలేదు. అర్థంలేని మాటల్లో ఆవిడకి ఒక స్వేచ్ఛ దొరికింది, నా వానలో నాకు దొరకనిది. మిగతా సగం మాత్రం ఒప్పుకోను. స్వేచ్ఛ ఆవిడదే కావచ్చు. పట్టించుకోకపోవడం మాత్రం మనది.

1996లో “మిల్క్ అండ్ కిసెస్” వచ్చింది. పాలూ ముద్దులూ అని పేరు, అందంగానే వుంటుంది, వీడ్కోలు విందులాగ. 1997లో మరో రికార్డు చేస్తూ చేస్తూ మధ్యలో విడిపోయారు. పద్దెనిమిదేళ్ళ ప్రయాణం. అదే ఏడు గత్రీ, రేమాండ్ కలిసి బెల్లా యూనియన్ అనే రికార్డు కంపెనీ పెట్టారు, తర్వాత రేమాండే దాన్ని నడిపాడు.

ఫ్రేజర్ గొంతు మాత్రం ఆగలేదు. బ్రిస్టల్ బృందం మాసివ్ అటాక్ కోసం తనే మాటలు రాసి “టియర్‌డ్రాప్” పాడింది. కన్నీటిచుక్క. ఆ పాట పనిలో వుండగా ఒక వార్త వచ్చింది. 1997 మే 29న అమెరికాలో జెఫ్ బక్లీ అనే యువ గాయకుడు నదిలో మునిగి చనిపోయాడు. కొంతకాలం ఆవిడకి మనసుకు దగ్గరైన మనిషి. ఎవరో గుర్తుపట్టారా? ఆవిడ పద్నాలుగేళ్ళ కిందట పాడిన సముద్రకన్య పాట వుందే, ఆ టిమ్ బక్లీ కొడుకే. కథల్లో రాస్తే “మరీ కుదిర్చారండీ” అంటారు. పాట 1998లో వచ్చి, బ్రిటన్‌లో పదో స్థానానికి చేరింది. ఆ పాటలోని సంగీతాన్నే ఒక అమెరికన్ ఆస్పత్రి సీరియల్ ముందు పేర్లు వేసేటప్పుడు వాడుకున్నారు, ఆవిడ గొంతు తీసేసి! ఎంతోమంది ఆ పాట విన్నారు, ఆవిణ్ణి వినలేదు.

2005లో ముగ్గురూ మళ్ళీ కలుస్తున్నారని ప్రకటన వచ్చింది. అమెరికాలో కోచెల్లా సంగీతోత్సవంలో మొదలుపెట్టి దేశదేశాలూ తిరగాలని ఏర్పాటు. పెద్ద డబ్బు. జీవితానికి సరిపడా డబ్బు. కొద్ది వారాలకే ఫ్రేజర్ రానంది. గత్రీతో వేదిక పంచుకోవడం తనవల్ల కాదని. ప్రయాణం రద్దయింది. అభిమానులు గుండెలు బాదుకున్నారు. ఇన్నాళ్ళూ ఆవిడేమంటోందో తెలియక తపించిన లోకానికి, ఆవిడ అన్న “రాను” అన్న మాట మాత్రం ఏ నిఘంటువూ లేకుండా తెలిసిపోయింది. తెలిసినందుకు సంతోషించినవాళ్ళు తక్కువ.

2012లో లండన్‌లోని రాయల్ ఫెస్టివల్ హాల్లో ఆవిడ తన పేరుమీద, తన వాద్యబృందంతో పాడింది. పాత పాటలూ పాడింది. 2022లో తన జీవిత సహచరుడు డేమన్ రీస్‌తో కలిసి సన్స్ సిగ్నేచర్ అన్న పేరుతో అయిదు పాటలు విడుదల చేసింది. యాభై తొమ్మిదో పడిలో ఆ గొంతు కాస్త కిందికి దిగింది. తొందర లేదు. నాకు బాగుంది.

ఎక్కడ మొదలుపెట్టాలని మీరడిగితే, “హెవెన్ ఆర్ లాస్ వేగస్”తో మొదలుపెట్టండి. పనులన్నీ అయ్యాక, ఒంటరిగా వినండి. తర్వాత “ఫోర్ క్యాలెండర్ కఫే”. తర్వాత వెనక్కి, “ట్రెజర్”కి వెళ్ళండి. ఆ క్రమంలో వింటే, మాట తెలిసిన మనిషి పాత ఉత్తరాలు చదువుతున్నట్టుంటుంది.

మొన్న సాయంత్రం మా అమ్మాయి కాలేజీనుంచి వచ్చింది. సంచీ సోఫాలో విసిరేసి, ఏదో కూనిరాగం తీస్తూ తన గదిలోకి పోతోంది.

“ఏమైందే?” అన్నాను పొయ్యి దగ్గరనుంచే.

“ఏం లేదు” అంది. ఆ “లేదు” మామూలుకన్నా కాస్త పైస్థాయిలో పలికింది. ఇదివరకైతే లేదన్నది కదా అని పోపు వేయించుకునేదాన్ని. ఈసారి స్టవ్ కట్టేసి వెళ్ళి, దాని మంచం మీద కూర్చున్నాను. ఏమీ అడగలేదు. అది కాసేపు నావైపు చూసి, ఒక బొడిపె తీసింది. ఇంకాసేపటికి రెండోదీ తీసింది.

అరగంటకి మాటలొచ్చాయి. అదేమందో యిక్కడ రాయను. రాత్రి పోపు మాత్రం మళ్ళీ మొదట్నుంచీ వేసుకోవలసి వచ్చింది.